ఇంజను ఊపిరిని పసిగట్టే చిన్న సాక్షి

కారులో పసుపు దీపం వెలిగిందంటే చాలు, ఆక్సిజన్ సెన్సరును మార్చివేయడం చాలా చోట్ల ఆనవాయితీ అయింది. ఇంతకూ తప్పు చేసినదెవరు? తప్పును బయటపెట్టినదెవరు?

సూరత్ పాత నగరం నుంచి తాపీ నది దాటి ఆవలి ఒడ్డుకు చేరితే అడాజన్ వస్తుంది. ఒకప్పుడు అది నది ఒడ్డున ఒక పల్లె. ఇప్పుడు బహుళ అంతస్తుల భవనాలతో, దుకాణాలతో, నేలమాళిగలలో వరుసలు తీరిన కార్లతో కిటకిటలాడే పేట. ఉదయం వేళ ఇక్కడి వాహనాలు రెండు పాయలుగా చీలుతాయి. ఒక పాయ సర్దార్ వంతెన మీదుగా నగరంలోకి పోతుంది. రెండవది హజీరా కర్మాగారాల దారి పడుతుంది. ఆ రద్దీలో నత్తనడక నడుస్తున్న ఏదో ఒక కారులో, స్టీరింగు వెనుక, ఇంజను బొమ్మ గల పసుపు దీపం నిశ్శబ్దంగా వెలుగుతుంది. కారు ఆగదు. ఇంజను చప్పుడులోనూ మార్పు ఉండకపోవచ్చు. అయినా నడుపుతున్నవారి గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది.

సూరత్‌లో తెలుగువారికి కొదవ లేదు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. అటువంటి కుటుంబం ఒకటి అడాజన్‌లో ఉన్నదని ఊహించుకుందాం. వేసవి సెలవులకు సొంత కారులో, ధూలే మీదుగా, వరంగల్ ప్రయాణం కట్టారు. దారి సుమారు వెయ్యి కిలోమీటర్లు. వెంట వృద్ధురాలైన తల్లి, ఇద్దరు పిల్లలు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు దీపం వెలిగింది. గ్యారేజీలో ఒకరు చేతిలోని యంత్రాన్ని తగిలించి చూసి, "ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చాలి" అన్నారు. పొరుగింటాయన "ఏమీ కాదు, నా కారులో ఏడాదిగా వెలుగుతూనే ఉంది" అన్నాడు.

ఈ రెండు సలహాలలో దేనిని పాటించినా ఇబ్బందే. తనిఖీ లేకుండా సెన్సరు మార్చితే వేల రూపాయలు ఖర్చయి, అసలు లోపం అలాగే మిగిలి, నడిదారిలో దీపం మళ్ళీ వెలగవచ్చు. పట్టించుకోకుండా పోతే చిన్న ఖర్చుతో తీరేది పెద్ద మరమ్మతుకు దారి తీయవచ్చు. అందువల్ల చేయి జేబులోకి పోకముందే ఈ సెన్సరు ఏమిటో, అది చెప్పగలిగినది ఎంతో, చెప్పలేనిది ఎంతో తెలుసుకోవడం మేలు.

తొమ్మిది వేల లీటర్ల గాలి

ఇంజను పెట్రోలుతో నడుస్తుందని అంటాము గాని, బరువు లెక్కన చూస్తే అది ఆరగించేదంతా దాదాపు గాలే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. మనకు తెలిసిన కొలతలలో చెప్పాలంటే, ఒక్క లీటరు పెట్రోలుకు దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి! అన్నంలో కూర పాలు ఎక్కువైనా, తక్కువైనా భోజనం చెడినట్లే, ఈ పాళ్ళు తప్పితే దహనం చెడుతుంది.

గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైతే దానిని మెకానిక్కులు 'రిచ్' అంటారు. అప్పుడు సగం కాలిన ఇంధనం కార్బన్ మోనాక్సైడుగా, నల్లని మసిగా బయటపడుతుంది. మైలేజీ పడిపోతుంది. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే అది 'లీన్'. అప్పుడు ఇంజను వణుకుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలదు. దహనం బొత్తిగా తప్పిన సిలిండరు నుంచి కాలని ఇంధనం అలాగే పొగగొట్టంలోకి పోతుంది.

ఈ విషవాయువులను గాలిలోకి పోనీయకుండా ఆపేందుకు పొగగొట్టం దారిలో ఒక పెట్టెను అమర్చుతారు. అదే కేటలిటిక్ కన్వర్టరు, అనగా ఉత్ప్రేరక పెట్టె. దాని లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె, దాని గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలుచని పూత ఉంటాయి. కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగా, కాలని ఇంధనాన్ని నీటి ఆవిరిగా, బొగ్గుపులుసు వాయువుగా, నత్రజని ఆక్సైడులను మామూలు నత్రజనిగా మార్చడం దాని పని. కాని ఈ మూడు పనులను అది ఏకకాలంలో చేయాలంటే గాలి, పెట్రోలు పాళ్ళు ఆ 14.7 అంకెకు అతి సమీపంలో ఉండాలి. కొద్దిగా తప్పినా మూడింటిలో ఏదో ఒక పని కుంటుపడుతుంది. క్షణక్షణానికీ వేగం మారే ఇంజనులో అంత ఖచ్చితంగా పాళ్ళు నిలిపేదెవరు? పొగను చూసి లోపలి సంగతి చెప్పగల సాక్షి ఒకటి కావలసి వచ్చింది. అదే ఆక్సిజన్ సెన్సరు.

పాత దీపం నుంచి కొత్త సెన్సరు

చూడడానికి అది స్పార్క్ ప్లగ్గును పోలి ఉంటుంది. పొగగొట్టానికి మరలతో బిగించి ఉంటుంది. దాని కొనలో, చిల్లుల కవచం వెనుక, దర్జీలు వేలికి పెట్టుకొనే తొడుగు వంటి చిన్న పింగాణీ గొట్టం ఉంటుంది. అది జిర్కోనియం ఆక్సైడుతో చేసినది. లోపలా వెలుపలా ప్లాటినం పూత పూసినది. దానికి ఒక ప్రక్క ఇంజను విడిచిన వేడి పొగ, రెండవ ప్రక్క బయటి గాలి ఉంటాయి. మామూలు వేడిలో ఈ పింగాణీ ఉలకదు, పలకదు. వేడి 300 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు మాత్రం ఆక్సిజన్ అయానులకు తనలోనుంచి దారి ఇస్తుంది. బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతం. పొగలో అది ఎంత తక్కువగా ఉంటే, రెండు ప్రక్కల మధ్య అంత ఎక్కువ వోల్టేజి పుడుతుంది. మిశ్రమం రిచ్‌గా ఉంటే సుమారు 0.9 వోల్టు, లీన్‌గా ఉంటే 0.1 వోల్టు. టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే 1.5 వోల్టులలో ఇది ఒక భాగం మాత్రమే. కారులోని కంప్యూటరు ఈ స్వల్పమైన సంకేతాన్ని అందుకొని, పెట్రోలును తగ్గిస్తూ, పెంచుతూ, పాళ్ళను సరిచేస్తూ ఉంటుంది.

ఈ పదార్థపు గుణాన్ని పందొమ్మిదవ శతాబ్ది చివరలోనే జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ గుర్తించాడు. అప్పట్లో ఆయన దానిని ఉపయోగించినది విద్యుద్దీపానికి. వేడిచేసిన జిర్కోనియా కడ్డీ తెల్లగా వెలిగే ఆ దీపాన్ని టంగ్‌స్టన్ తీగ బల్బులు తరువాత మరుగున పడవేశాయి. నెర్న్‌స్ట్‌కు 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి మరొక పరిశోధనకు లభించింది. జిర్కోనియా మాత్రం మళ్ళీ తన వంతు కోసం దశాబ్దాలు వేచి ఉంది.

ఆ వంతును తెచ్చినది అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపు పొగమంచు. అక్కడ కళ్ళు మండించే ఆ గోధుమరంగు మబ్బుకు మోటారు వాహనాల పొగ ప్రధాన కారణమని 1950 దశకంలో శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ నిరూపించాడు. 1970లో అమెరికా వాయు కాలుష్య నిరోధానికి కఠిన చట్టం చేసింది. దానిని అందుకొనే ప్రయత్నంలో జర్మనీకి చెందిన బాష్ సంస్థ జిర్కోనియా సెన్సరును రూపొందించగా, 1976లో స్వీడన్ వారి వోల్వో కంపెనీ అమెరికా కోసం తయారు చేసిన కార్లలో దానిని మొదటిసారిగా అమర్చింది. గాలి పాళ్ళను సూచించే గ్రీకు అక్షరం పేరిట దానికి 'లాంబ్డా సెన్సరు' అన్న పేరు కూడా స్థిరపడింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూడా త్వరగా పని మొదలుపెట్టేందుకు దానిలో చిన్న హీటరును 1982లో చేర్చారు.

మన దేశంలో ఈ కథ సీసంతో ముడిపడి ఉంది. ఇంజను కొట్టుకోకుండా పెట్రోలులో కలిపే సీసం మనుషుల మెదడుకే కాక ఉత్ప్రేరక పెట్టెకు, ఆక్సిజన్ సెన్సరుకు కూడా విషమే. ప్లాటినం మీద పేరుకొని దానిని పనికిరాకుండా చేస్తుంది. అందువల్ల 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక పెట్టెను తప్పనిసరి చేసినప్పుడు, వాటితోపాటు సీసం లేని పెట్రోలునూ అందించవలసి వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది. భారత్ స్టేజ్-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్‌లోను, స్టేజ్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్‌లోను దేశవ్యాప్తమయ్యాయి. వీటితోపాటే, లోపాన్ని కారు తానే కనిపెట్టి దీపం వెలిగించే ఏర్పాటు కూడా సామాన్యుని కారులోకి వచ్చింది.

కోడు తీర్పు కాదు

దీపం వెలిగినప్పుడు కంప్యూటరు తన జ్ఞాపకంలో ఒక సంకేత సంఖ్యను రాసుకుంటుంది. స్టీరింగు క్రింద ఉండే పదహారు సూదుల అమరికకు స్కానరును తగిలిస్తే ఆ సంఖ్య కనిపిస్తుంది. దానిని కాగితం మీద రాయించుకోవడం కారు యజమాని చేయవలసిన మొదటి పని. చెరిపివేశాక ఆ సాక్ష్యం తిరిగి రాదు.

పి0135 అంటే ముందరి సెన్సరులోని హీటరు సర్క్యూటులో దోషమని అర్థం. పి0141 అన్నది అదే దోషం వెనుక సెన్సరులో ఉన్నట్లు చెబుతుంది. పి0171 మిశ్రమం లీన్ అని, పి0172 రిచ్ అని తెలుపుతాయి. పి0420 ఉత్ప్రేరక పెట్టె సరిగా పనిచేయడం లేదని అనుమానిస్తుంది. వీటిలో ఒక్కటి కూడా "సెన్సరును మార్చు" అని చెప్పడం లేదని గమనించాలి. హీటరు సర్క్యూటు అంటే హీటరు ఒక్కటే కాదు. ఫ్యూజు, తీగ, కనెక్టరు అన్నీ అందులో భాగమే. ఇక లీన్ అన్న మాట సెన్సరు ఇచ్చిన వాఙ్మూలం. పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నదని మాత్రమే అది చెప్పగలదు. అది ఎక్కడి నుంచి వచ్చినదో దానికి తెలియదు.

ఒక ఉదాహరణ చూడండి. ఒక సిలిండరులో స్పార్క్ ప్లగ్గు మొరాయించింది. ఆ సిలిండరులోని పెట్రోలు కాలలేదు. కాలనందువల్ల ఆక్సిజన్ కూడా ఖర్చు కాలేదు. రెండూ కలిసి పొగగొట్టంలోకి పోయాయి. సెన్సరు ఆక్సిజన్‌ను మాత్రమే పసిగట్టి "లీన్" అంటుంది. కంప్యూటరు ఆ మాట నమ్మి మరింత పెట్రోలు చిమ్ముతుంది. సెన్సరు అబద్ధమాడలేదు, కంప్యూటరు తప్పు చేయలేదు. దోషి అయిన ప్లగ్గు మాత్రం హాయిగా తన చోట కూర్చున్నది. ఇప్పుడు సెన్సరును పీకి కొత్తది పెడితే అది కూడా అదే మాట చెబుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

సాక్షిని పరీక్షించే పద్ధతి

అట్లని సెన్సరు ఎన్నటికీ చెడదనుకోరాదు. అది ఎడతెగని వేడిలో, మసిలో బ్రతికే వస్తువు. వయసు మీరి మందకొడి అవుతుంది. విషపదార్థాలు పూతగా పేరుకొని మూగబోతుంది. కనుక విచారణ ఒక క్రమంలో సాగాలి.

మొదట కంటితో చూడగలిగినవి చూడాలి. తీగల మీది తొడుగు కరిగిందా? కనెక్టరులో తేమ, ఆకుపచ్చని చిలుము ఉన్నదా? నేలమాళిగలలో నిలిపే కార్లలో ఎలుకలు తీగలు కొరకడం మన నగరాలలో కొత్త కాదు. ఫ్యూజు బాగున్నదా? ఇవన్నీ దాదాపు ఖర్చు లేని పరీక్షలు.

పిమ్మట పొగగొట్టాన్ని పరిశీలించాలి. సెన్సరుకు ముందు గొట్టం అతుకులో సన్నని చీలిక ఉంటే అది బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఇంజను సరిగానే ఉన్నా సెన్సరుకు ఆక్సిజన్ తగులుతుంది. చీలిక చుట్టూ నల్లని మసి చారలు దాని గుర్తు.

తరువాత స్కానరులో కనిపించే ఇంధన సవరణ అంకెను చూడాలి. కంప్యూటరు తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువ, తక్కువ చిమ్ముతున్నదో ఆ అంకె చెబుతుంది. కొద్ది శాతం అటూ ఇటూ ఉండడం మామూలే. కారు నిలిచి ఉండి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు సవరణ బాగా పెరిగి, వేగం పెంచగానే తగ్గితే, ఇంజనులోకి గాలి పోయే దారిలో ఏదో రబ్బరు గొట్టం చిట్లిందని అనుమానించాలి. అందుకు భిన్నంగా వేగం పెరిగేకొద్దీ సవరణ కూడా పెరుగుతుంటే పెట్రోలు పంపును, ఫిల్టరును, ఇంజెక్టరును శంకించాలి.

ఇక సెన్సరు వంతు. ఇంజను బాగా వేడెక్కిన తరువాత నిమిషానికి రెండువేల అయిదు వందల చుట్ల దగ్గర నిలిపి ఉంచాలి. పాత పద్ధతి జిర్కోనియా సెన్సరైతే, ముందరి దాని వోల్టేజి 0.1కి, 0.9కి మధ్య చురుకుగా ఊగుతూ ఉండాలి. యాక్సిలరేటరును ఒక్కసారి తొక్కితే వోల్టేజి పైకి ఎగబాకాలి. దాని కాలు తీయగానే పెట్రోలు ఆగి, వోల్టేజి క్రిందికి పడిపోవాలి. ఇలా వెంటవెంటనే స్పందిస్తే సాక్షి సజీవంగా ఉన్నాడు. అతని మాట నమ్మి దోషిని మరొక చోట వెతకాలి. మిశ్రమం మారుతున్నా వోల్టేజి ఒకే చోట మొద్దుబారి ఉంటే, తీగలు కూడా బాగున్నాయని తేలితే, అప్పుడు సెన్సరు చెడినదని చెప్పవచ్చు. హీటరు సంగతి మల్టీమీటరుతో తేలుతుంది. దాని రెండు తీగల మధ్య నిరోధం సాధారణంగా కొద్ది ఓములు ఉంటుంది. మీటరు అనంతాన్ని చూపితే హీటరు తెగిపోయినట్లే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఉత్ప్రేరక పెట్టెకు వెనుక ఉండే రెండవ సెన్సరు ఊగరాదు. దాదాపు నిలకడగా ఉండాలి. ఉత్ప్రేరక పెట్టె తన పని తాను చేస్తున్నదనడానికి ఆ నిలకడే రుజువు. అది తెలియక, "సెన్సరు కదలడం లేదు" అంటూ మంచి సెన్సరును తీసివేసేవారు ఉన్నారు. రెండవది: అనేక కొత్త కార్లలో ముందు ఉండేది విస్తృత శ్రేణి సెన్సరు. దాని అంకెలు వేరు. దానికి పైన చెప్పిన వోల్టేజి పరీక్ష వర్తించదు. కారు తయారీదారుల మాన్యువలే ప్రమాణం.

గ్యాసు, నీరు, ఇథనాలు

ఊరును బట్టి రోగం ఉంటుంది. సూరత్ వాహనాలలో చాలా వాటికి రెండు కడుపులు: ఒకటి పెట్రోలుకు, మరొకటి సి.ఎన్.జి.కి. సముద్రగర్భపు సహజవాయువు ఒడ్డుకు చేరే హజీరా ఈ ఊరి పొలిమేరలోనే ఉంది. ఉత్తర భారతానికి పోయే ప్రసిద్ధమైన వాయు గొట్టపు మార్గం మొదలయ్యేది అక్కడే. గ్యాసులో ప్రధానమైన మీథేను కిలోకు 17.2 కిలోల గాలి కావాలి. పెట్రోలు లెక్క దీనికి చాలదు. గ్యాసు కిట్టును సరిగా అమర్చకపోతే, కంప్యూటరు గ్యాసు మీద నేర్చుకున్న తప్పు సవరణను పెట్రోలుకు కూడా వర్తింపజేసి దీపం వెలిగించవచ్చు. కనుక ద్వంద్వ ఇంధన వాహనంలో, దీపం ఏ ఇంధనం మీద వెలిగిందని మెకానిక్ అడగాలి. అడగకపోతే యజమాని తానే చెప్పాలి. దోషం గ్యాసు మీద మాత్రమే కనిపిస్తే అనుమానం ముందుగా కిట్టు మీద ఉండాలి.

రెండవది నీరు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి విడిచిన నీటితో తాపీ పొంగి, అడాజన్, రాందేర్ ప్రాంతాలతో సహా సూరత్‌లో అధిక భాగం మునిగింది. అంతటి వరద ఏటా రాదు గాని, వానకాలంలో రోడ్డు మీద మోకాలి లోతు నీరు చాలు. కాగిన పెనం మీద నీళ్ళు చల్లినట్లు, వందల డిగ్రీల వేడి మీద ఉన్న పింగాణీకి చన్నీరు తగిలితే అది పగలవచ్చు. పగలకపోయినా, కనెక్టరులో చేరిన తేమ నెలల తరువాత తుప్పు రూపంలో పగ తీర్చుకుంటుంది. వాన వెలసిన వారాలలో వెలిగే దీపానికి కనెక్టరును విప్పి చూడడం మొదటి చికిత్స.

మూడవది కొత్తది. పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడమన్న లక్ష్యాన్ని దేశం 2025లో అందుకుంది. ఇథనాలు తనతోపాటు కొంత ఆక్సిజన్‌ను తెస్తుంది. కిలో ఇథనాలుకు తొమ్మిది కిలోల గాలి చాలు. అందువల్ల అదే గాలికి ఇంజను కొంచెం ఎక్కువ ఇంధనం చిమ్మవలసి వస్తుంది. ఆ మార్పును పసిగట్టి సరిచేయించేది ఈ సెన్సరే. ఆ మిశ్రమానికి రూపొందించని పాత కారులో సవరణ హద్దు మీరితే లీన్ కోడు రావచ్చు. అక్కడ కూడా కబురు తెచ్చినది సెన్సరు, కారణం వేరు.

మార్చక తప్పనప్పుడు

విచారణ ముగిసి, సెన్సరే దోషి అని తేలిందనుకుందాం. మార్చడం కష్టమైన పని కాదు. కాని ఓర్పు కావాలి. అది వేడికి, తుప్పుకు గొట్టంతో ఏకమై ఉంటుంది. ఇంజను సలసల కాగుతున్నప్పుడు చేయి పెడితే కాలుతుంది. పూర్తిగా చల్లారాక పట్టుకుంటే మరలు కదలవు. గోరువెచ్చగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే నూనె వేసి కొంతసేపు నాననిచ్చి, తీగ దూరేందుకు ప్రక్కన చీలిక ఉన్న 22 మిల్లీమీటర్ల సాకెట్ పానాతో విప్పాలి. బలవంతం చేస్తే గొట్టంలోని మరలు ఊడివచ్చి సెన్సరు ఖర్చుకు గొట్టం ఖర్చు తోడవుతుంది. తొలుత ఇగ్నిషన్ ఆపి, కనెక్టరును విడదీయడం మరువరాదు.

బయటికి వచ్చిన పాత సెన్సరు కొనను పారవేయకముందు చూడండి. పొడిగా నల్లని మసి ఉంటే ఇంజను చాలాకాలంగా రిచ్‌గా నడుస్తున్నదని అర్థం. తెల్లని పొర సిలికాన్ గుర్తు. నాసిరకం సీలింగు పేస్టు వాడకం గాని, ఇంజనులోకి కూలెంటు కారడం గాని దానికి కారణం కావచ్చు. జిడ్డు బూడిద ఉంటే ఇంజను ఆయిలు తాగుతున్నది. మూలకారణాన్ని సరిచేయకుండా కొత్త సెన్సరు పెడితే దానికీ అదే గతి పడుతుంది.

కొత్త దానిని క్రింద పడనీయరాదు. లోపల ఉన్నది పింగాణీ. మరలు పట్టివేయకుండా రాసే పేస్టు అవసరమైతే మరలకే రాయాలి, కొనకు తగలరాదు. ముందే పూత ఉన్న సెన్సరుకు అదీ అక్కరలేదు. మొదట చేత్తో తిప్పి, తరువాత మాన్యువల్ చెప్పినంత బలంతోనే బిగించాలి. తీగ వేడి గొట్టానికి ఆనకుండా పాత దారినే పోవాలి. అనేక సెన్సర్లు బయటి గాలిని తీగల సందుల నుంచే పీల్చుకుంటాయి. కనుక కనెక్టరును గ్రీజుతో మూసివేయడం, తీగలను టంకం వేసి అతకడం వాటికి ఊపిరి బిగబట్టడమే. ఆ కారుకు నిర్దేశించిన సెన్సరునే, అదే కనెక్టరుతో కొనడం శ్రేయస్కరం. చివరగా కోడును చెరిపి, కొన్ని కిలోమీటర్లు నడిపి, వోల్టేజి, సవరణ అంకెలు దారికి వచ్చాయో లేదో మళ్ళీ చూడాలి. దీపం ఆరినంత మాత్రాన పని ముగిసినట్లు కాదు.

ఊపిరి వెల

ఇంత శ్రద్ధ ఎందుకని అడగవచ్చు. కారణం ఒకటి డబ్బు. చెడిన సెన్సరు వల్ల ఇంజను నెలల తరబడి రిచ్‌గా నడిస్తే, కాలని ఇంధనం ఉత్ప్రేరక పెట్టెలోకి పోయి అక్కడ మండి, తేనెపట్టును కరిగించగలదు. అరుదైన లోహాలు గల ఆ పెట్టె వెల సెన్సరు వెలకు ఎన్నో రెట్లు. పసుపు దీపం నిలకడగా వెలుగుతూ, కారు మామూలుగా నడుస్తుంటే నెమ్మదిగా గ్యారేజీకి పోవచ్చు. అది మిణుకు మిణుకుమంటూ ఉంటే మాత్రం దహనం తప్పుతున్నదని, పెట్టెకు ఆపద దగ్గరపడిందని హెచ్చరిక. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా కారును ఆపాలి. భారత్ స్టేజ్-4, ఆ తరువాతి పెట్రోలు కార్లకు కాలుష్య పరీక్షలో లాంబ్డా విలువ 0.97కు, 1.03కు మధ్య ఉండాలన్న నియమం కూడా ఉంది. మొండి సెన్సరు గల కారు అక్కడ పట్టుబడవచ్చు.

రెండవ కారణం డబ్బుకు అందనిది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దానినే రెండు వందల రెట్లకు పైగా ఆత్రంగా పట్టుకుంటుంది. గాలి ఆడని నేలమాళిగలో, రిచ్‌గా నడిచే ఇంజనును వదిలిపెట్టి మాటల్లో పడడం ప్రాణాంతకం. వంతెన మీద రద్దీలో నిలిచిన బళ్ళ నడుమ స్కూటరు మీద తండ్రి ముందు నిలుచున్న పిల్లవాని ముఖానికి ఆ పొగ సోకుతుంది. కారు యజమాని తన సెన్సరును సరిచూసుకోవడం వల్ల మేలు పొందేవారిలో ఆ పిల్లవాడు కూడా ఒకడు.

కనుక ఈసారి "సెన్సర్ మార్చాలి" అన్న మాట వినబడినప్పుడు మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. వచ్చిన కోడు ఏమిటి? తీగలు, ఫ్యూజు, గొట్టం చీలికలు చూశారా? వేడి ఇంజను మీద సెన్సరు స్పందనను పరీక్షించారా? మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. తన పనిని అర్థం చేసుకున్న గిరాకీ దొరికినందుకు సంతోషించి, స్కానరు తెరను మీ వైపు తిప్పి చూపిస్తాడు. జవాబు చెప్పలేనివాడు తారసపడితే, కోడు రాసిన కాగితం తీసుకొని మరొక గ్యారేజీకి నడవండి. అక్కడ తేలేది పది రూపాయల ఫ్యూజు కావచ్చు, చిట్లిన రబ్బరు గొట్టం కావచ్చు, నిజంగానే సెన్సరు కావచ్చు. ఏదైనా, మీరు ఖర్చు చేసేది తెలిసిన రోగానికి.